పిచ్చుకల వాటా

పోలండ్ వాళ్ళ కోతల పండుగను ఒకసారి నేను పిచ్చుకలకు పెట్టేశాను. కావాలని చేసింది కాదు. కావాలని చేసి ఉంటే ఇంత పకడ్బందీగా కుదిరేది కాదు. నేను కావాలని చేసిన పనులన్నీ ఎక్కడో ఒకచోట చెడతాయి, మా ఆయన్ని అడగండి.

అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మేం కొనుక్కున్నది టౌన్‌హౌస్. మా గోడకు అవతల పక్కింటావిడ గోడ. ఆవిడ ఉల్లిపాయలు వేయిస్తే మా హాల్లో తుమ్ములు, మేం పోపు పెడితే ఆవిడ హాల్లో తుమ్ములు. డెబ్బై దాటిన మనిషి. పోలండ్‌లో వ్యవసాయం ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, ఒక బేకరీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైంది. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఇంగ్లీషు పొట్టి ఇంగ్లీషు. వాక్యంలో అక్కర్లేని మాట ఒక్కటీ ఉండదు, అక్కరైనవీ కొన్ని ఉండవు. నాకు అర్థమైనట్టుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మేం దిగిన రోజే ఒక పెద్ద రొట్టె, చిన్న గిన్నెలో ఉప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కొత్త ఇంటికి వచ్చినవాళ్ళకి రొట్టె, ఉప్పు ఇవ్వడం వాళ్ళ ఆచారమట. రొట్టె అందుకున్నాను. ఉప్పు గిన్నె చాపేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉప్పు చేతిలో చేతికి ఇస్తే గొడవలొస్తాయని మా ఇంట్లో ఎవరూ అలా పుచ్చుకోరు. "సారీ, అక్కడ కింద పెట్టండి, నేను తీసుకుంటాను" అన్నాను. మా ఆయన నా వెనక నిలబడి తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం గిన్నెను మెట్టు మీద పెట్టి, నేను తీసేదాకా ఆగి, "మీకూ నియమాలున్నాయి. మంచిది" అంది. ఆ రోజు నుంచి నేనంటే ఆవిడకు ఒక లెక్క. నియమాలు లేని మనుషులంటే ఆవిడకు చిన్నచూపు.

నేను ఆంటీ అని పిలిస్తే కొత్తగా కూడా చూడలేదు. వాళ్ళల్లోనూ అయినవాళ్ళ స్నేహితుల్ని అలాగే పిన్నీ, అత్తా అని పిలుస్తారట. నన్ను మాత్రం 'కొహానా' అనేది. మన 'బంగారం' లాంటి పిలుపు అని చాలా రోజులకు తెలిసింది. తిట్టేటప్పుడు కూడా అదే మాట వాడేది కాబట్టి తెలుసుకోవడం ఆలస్యమైంది.

ఆవిడకు ఏడాది పొడుగునా ఏదో ఒక పండుగ. క్రిస్మస్ ముందు రోజు టేబుల్ గుడ్డ కింద ఎండుగడ్డి పరిచి పన్నెండు వంటలు చేసేది, ఒక్కదాంట్లోనూ మాంసం ఉండదు. మా శాకాహారి స్నేహితులందరినీ ఆ రోజు ఆవిడకు అప్పజెప్పొచ్చు. ఉపవాసాల రోజులు మొదలయ్యే ముందు గురువారం, గులాబీ జామ్ పెట్టిన డోనట్లు బుట్టెడు వేయించి, లెక్క చూసుకోకుండా తినాలని ఆర్డరేసేది. మార్చిలో గడ్డితో ఒక ఆడబొమ్మ చేసి, అది చలికాలం అని చెప్పి, మా కాలనీ వెనక చెరువులో ముంచి వచ్చేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదట. నేను చూశాను. కాలనీ అసోసియేషన్ నుంచి చెరువులో చెత్త వేస్తున్నారని ఉత్తరం వచ్చింది. చూసినందుకే వచ్చిందని ఆవిడ గట్టిగా నమ్మింది. ఈస్టర్ మర్నాడు సోమవారం పొద్దున్న చెత్త డబ్బా బయట పెడుతున్న మా ఆయన నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. మా ఆయనది కరీంనగర్. తడిసిన బట్టలతో లోపలికొచ్చి, "హోలీ లెక్కనే ఉన్నది గని, రంగు లేదు, ఉత్త చలి" అన్నాడు.

వీటన్నిటిలో ఆవిడ ప్రాణం పెట్టుకున్నది మాత్రం కోతల పండుగ మీద. దాన్ని 'దోజిన్కి' అంటారు. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం, ధాన్యం కంకులతో పెద్ద కిరీటం కట్టి, కొత్త పిండితో రొట్టె కాల్చి, చర్చికి ఊరేగింపుగా పట్టుకెళ్తారు. ముందు ఒక పెద్దమనిషి, ఒక పెద్దావిడ నడుస్తారు. రొట్టె ఆ పెద్దావిడ చేతిలో ఉంటుంది. ఫాదర్‌గారికి రొట్టె ఇచ్చి నాలుగు మాటలు చెప్పేది కూడా ఆవిడే. పెద్దముత్తైదువ లాంటి హోదా అన్నమాట, కాకపోతే భర్త పోయినావిడ పనికిరాదనే పట్టింపు వాళ్ళకు లేదు. అది నాకు బాగా నచ్చింది.

ఆ హోదా ఆవిడకు ఎప్పుడూ రాలేదు. ఏటా కిరీటం కట్టే జట్టులో ఆవిడ ఉండేది. ఏటా రొట్టె పట్టుకుని నడిచేది ఇంకెవరో. ఎవర్ని పెట్టాలో తేల్చేది వాళ్ళ చర్చి ఆడవాళ్ళ సంఘం ప్రెసిడెంట్‌గారు. మా గ్రీన్ కార్డు క్యూ లాగే అదీ కదులుతున్నట్టే ఉండేది, ఈవిడ దాకా వచ్చేది కాదు. "పోయినేడు నడిచినావిడ గోధుమను రొట్టెలో తప్ప చూడలేదు" అనేది. "నేను పద్నాలుగో ఏట కొడవలి పట్టాను." అరచేతి అంచు మీద తెల్లటి మచ్చ చూపించేది.

ఆ వేసవిలో ఒకరోజు మెయిల్ బాక్స్ దగ్గర కనబడి, కరెంటు బిల్లు చింపుతూ, "ఈసారి నన్ను పెట్టారు" అంది. అంతే. బిల్లు చదువుతున్నట్టు తల దించుకుంది. బిల్లు తలకిందులుగా ఉంది. నేను ఆవిడను వాటేసుకున్నాను. వాటేసుకోవడం ఆవిడకు పెద్దగా పడదు, అయినా కాసేపు ఊరుకుంది.

పెద్దావిడగా ఉన్నవాళ్ళే ఆ ఏడు కిరీటం కట్టించాలి. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో తెలిసినాయన పొలం నుంచి జూలైలోనే కంకులు తెచ్చుకుంది. గోధుమ, రై, బార్లీ, ఓట్స్. పూర్తిగా పండితే గింజ రాలుతుందని కాస్త పచ్చిమీదే కోయించి, గరాజ్ కప్పుకి తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టింది. కార్ వీధిలో పెట్టుకుంది. ఆగస్టు అంతా శనివారాలు నేను ఆ గరాజ్‌లోనే ఉన్నాను. ఆవిడ వేళ్ళ కణుపులు కీళ్ళవాతంతో వాచిపోయి, సన్నటి తీగ మెలి తిప్పడం కష్టంగా ఉండేది. ఏడెనిమిది కంకులు గుత్తిగా పట్టుకుని, ఇనప చట్రానికి తీగతో బిగించి, దాని కాడలు కనబడకుండా పైన ఇంకో గుత్తి పెట్టాలి. నాకూ ఆ తీగ లొంగలేదు. మూడో గుత్తికి విసుగొచ్చి, ఇంట్లోంచి దారపు రీలు తెచ్చుకుని, కనకాంబరాలు కట్టే ముడి వేశాను. ఎడమ చేతి వేళ్ళ మధ్య కాడలు, కుడి చేత్తో దారం ఒక్క మెలిక తిప్పి లాగడం. మా మేనత్త నేర్పిన ముడి అది. సినిమా చూస్తూ కూడా వేయగలను.

ఆవిడ నా చేతుల్ని చూసి, పక్కన పెట్టిన గుత్తిని తీసి గట్టిగా లాగింది. ఊడలేదు. రెండో వైపు నుంచి లాగింది. ఊడలేదు. తన తీగ చుట్టను తీసి డబ్బాలో పడేసి, "కట్టు, కొహానా" అంది. నాకు అమెరికాలో వచ్చిన ప్రమోషన్లన్నిటిలో పెద్దది అదే.

పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, కిరీటం పూర్తయింది. నీళ్ళ బిందె కన్నా కొంచెం పెద్దది. నాలుగు వంపు కడ్డీలు పైన కలిసేచోట చిన్న శిలువ, కింద చుట్టూ ఎండిన గసగసాల కాయలు, ఎర్ర తెల్ల రిబ్బన్లు. శనివారం ఆవిడ రొట్టె కాల్చాలి. ఇల్లంతా పిండి, ఓవెన్ వేడి, పైగా సామాన్లు. అందుకని కిరీటం మా ఇంట్లో ఉంచుతానంది. మా డైనింగ్ రూమ్‌లో డైనింగ్ టేబుల్ లేదు. కొనాలి అనుకుంటూనే మూడేళ్ళు గడిచాయి. ఆ ఖాళీ గది గురించి ఎప్పుడూ దెప్పే మనిషి, ఆ రోజు చుట్టూ చూసి, "ఇందుకే దేవుడు మీకు టేబుల్ ఇవ్వలేదు" అని, కిరీటం మీద ప్లాస్టిక్ కవర్ కప్పి వెళ్ళింది.

శనివారం పొద్దున్నే లేచి చూస్తే కవర్ లోపల చెమ్మ పట్టి ఉంది. కంకులు మెత్తబడతాయని భయమేసింది. గాలికి పెట్టాలి. ముందు గుమ్మం దగ్గర పూల కుండీ వేలాడదీసే కొక్కెం ఉంది. మా ఆయన్ని లేపి, కుండీ దింపించి, కిరీటం అక్కడ తగిలించాను. ఎండ పడి బంగారంలా మెరిసింది. నాకు ఒళ్ళు పులకరించింది. మాది తణుకు దగ్గర. కొత్త ధాన్యం వచ్చినప్పుడు మా మేనత్త వరి కంకులతో జడలా అల్లి, కుచ్చులు చేసి, వీధి గుమ్మానికి కట్టేది. కంకుల కుచ్చుకి అంతకన్నా గౌరవమైన చోటు లేదు. ఆ చోట్లో పెట్టానని సంబరపడ్డాను తప్ప, కుచ్చు ఎందుకు కడతారన్నది ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదు. ఫొటో తీసి అమ్మకు పంపాను.

పది నిమిషాల్లో అమ్మ ఫోన్ చేసింది. "ఎంత బాగుందే, మీ మేనత్త చూస్తే మురిసిపోయేది. ఇంతకీ పిచ్చుకలొస్తున్నాయా?" అంది.

కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. వచ్చాయి. మొదట రెండు, తర్వాత ఆరు, తర్వాత లెక్కలేదు. కంకిని పట్టుకుని వేలాడుతూ, గింజను ముక్కుతో తిప్పి పొట్టు ఊదేసి తింటున్నాయి. ఎన్నేళ్ళయింది అలా చూసి.

"ఇక్కడ పిచ్చుకలే కనబడ్డం లేదే" అంది అమ్మ. "ఫోన్ అటు తిప్పు, నేనూ చూస్తాను."

తిప్పాను. తణుకు దగ్గర అమ్మ, షామ్‌బర్గ్‌లో నేను, ఇద్దరం కలిసి పావుగంట సేపు కిరీటం తినేయడం చూశాం. కళ్ళు చెమర్చాయి కూడా. ఒక ఉడత స్తంభం మీదుగా ఎక్కింది. రాముడు నిమిరిన మన బుల్లి ఉడత కాదు, పిల్లిపిల్లంత ఉంటుంది ఇక్కడి ఉడత. అది ఓట్స్ గుత్తిని సాంతం లాక్కుని పోయింది. "పోనీలే, దానికీ పిల్లలుంటాయి" అంది అమ్మ. ఫోన్ పెట్టేశాక ముప్ఫై సెకన్ల వీడియో తీసి, 'చూడండి ఆంటీ, మన కిరీటానికి చుట్టాలొచ్చారు' అని పక్కింటికి పంపాను. పంపి కాఫీ తాగాను.

గోడ అవతల కుర్చీ పడ్డ చప్పుడైంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు తెలిసింది. గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

నేను తలుపు తీసేసరికి ఆవిడ పిండి చేతులతో, ఇంటి చెప్పులతో, చీపురు పట్టుకుని మా గుమ్మం ముందు ఉంది. పిచ్చుకలు అప్పటికే లేచిపోయాయి. చీపురు కింద పడేసి ఒక్కో కంకినీ వేళ్ళతో నలిపి చూసింది. "ఖాళీ" అంది. ఇంకొకటి నలిపింది. "ఖాళీ." మెట్ల నిండా పొట్టు.

నోరు మూసుకుని ఉండాల్సింది. నాకు ఆ విద్య రాదు. "మా ఊళ్ళో ఇలా పిట్టలు తింటే ఇంటికి మంచిదంటారు, ఆంటీ" అన్నాను.

"మీ ఊళ్ళో రేపు పండుగ లేదు" అంది.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. ఖాళీ కంకులు దేవుడి ముందుకు తీసుకెళ్ళకూడదని, ప్రెసిడెంట్‌గారు ఊరేగింపుకి ముందు కంకి నలిపి గింజ చూస్తారని, అది వాళ్ళ పద్ధతని, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "నేను రేపు వెళ్ళను. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేస్తాను. ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటారు." వెళ్ళి తలుపేసుకుంది.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. నేను మెట్ల మీద పొట్టులో కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏడిస్తే గింజలొస్తయా?" అన్నాడు. ముందు నేను అరిచాను, తర్వాత ఇద్దరం ఆలోచించాం. విస్కాన్సిన్ పొలంలో కోతలు అయిపోయాయి. అలంకరణ సామాన్ల షాపులకు ఫోన్ చేశాను. వాళ్ళ దగ్గర గోధుమ కంకులున్నాయి గానీ రంగేసి, వార్నిష్ కొట్టినవి. ఇండియన్ స్టోర్‌లో వినాయక చవితికి పత్రి వచ్చింది, మొక్కజొన్న పొత్తులున్నాయి, వరి కంకులు లేవు.

"పిట్టలు తినేది పిట్టల దుకాణంల దొరుకుతది" అన్నాడు మా ఆయన. సాఫ్ట్‌వేర్ మనిషి, ఆలోచన గీత గీసినట్టు నడుస్తుంది. ఎగతాళి అనుకుని కసురుకున్నాను. ఆయన తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అరగంటకు పెంపుడు జంతువుల షాపు నుంచి ఫోన్. "ఇవి కొర్ర కంకులేనే. మా దిక్కు చేన్ల ఉంటయే, గవే. ప్యాకెట్ల పెట్టి చిలకలకు అమ్ముతున్నరు."

"ఎన్ని ఉన్నాయి?"

"ఉన్నయన్నీ తేనా?"

"అన్నీ తే. పక్క ఊళ్ళో షాపుకి కూడా వెళ్ళు."

రెండు పెద్ద సంచులతో వచ్చాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి మీకు ఎన్ని పిట్టలున్నాయని అడిగిందట. "లెక్కవెట్టలేదని చెప్పిన" అన్నాడు. ఒక్కో కంకీ జానెడు పొడుగు, బరువుగా వంగి, లేత బంగారం రంగులో ఉంది. గింజ నిండుగా ఉంది.

వెళ్ళి ఆవిడ బెల్ కొట్టాను. తీయలేదు. మళ్ళీ కొట్టాను. లోపల రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. వెళ్ళను అన్న మనిషి రొట్టె ఆపలేదు. ఆ వాసన పట్టుకునే మూడోసారి కొట్టాను. తలుపు రెండు వేళ్ళ మందం తెరుచుకుంది. మాటలు నాకు అచ్చిరావని అప్పటికి తెలిసొచ్చింది కాబట్టి, ఆ సందులోంచి కొర్ర కంకి చాపాను. ఆవిడ తీసుకుని, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజలు నోట్లో వేసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

"మా అమ్మమ్మ ఇలాంటి గింజను పాలలో ఉడికించేది" అంది. తర్వాత ముఖం గట్టి చేసుకుని, "కానీ ఇది కిరీటంలో ఉండదు."

"నిన్నటి దాకా లేదు" అన్నాను.

నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. "దారం ఉందా?" అంది.

ఆ మధ్యాహ్నమంతా మా ఖాళీ గదిలో ముగ్గురం పనిచేశాం. ఆవిడ కింద కూర్చోలేదు, వంటింట్లోంచి కుర్చీ తెచ్చి వేశాం. మా ఆయన కాడలు సమానంగా కత్తిరించాడు. నేను ముడులు వేశాను. లోపలి వైపు, పిట్టల ముక్కు అందనిచోట, కొన్ని గోధుమ గుత్తులు చెక్కుచెదరకుండా మిగిలాయి. వాటిని ఆవిడ విప్పించి, ముందు వైపు, సరిగ్గా ప్రెసిడెంట్‌గారి చెయ్యి అందే ఎత్తులో పెట్టించింది. ఆ తెలివికి నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పైకి", "కిందికి", "అది వంకర", ఇవే మాటలు. నేను మూడుసార్లు సారీ చెప్పాను. మూడుసార్లూ "కట్టు" అంది. నా వేళ్ళు దారానికి కోసుకుపోయి మండుతున్నా ఆగలేదు. ఆ మంట నాకు ఊరటగానే ఉంది. సాయంత్రానికి కిరీటం వేరే రూపానికి వచ్చింది. ముందు నిటారుగా, బిరుసుగా ఉండేది, ఇప్పుడు చుట్టూ కొర్ర కంకులు జాలర్లలా వేలాడుతున్నాయి. ఆఖరి గుత్తి మాత్రం ఆవిడే కడతానంది. ఆ వాచిన వేళ్ళతో నా ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. మేం ఎవరం సాయానికి పోలేదు.

"రేపు ఎనిమిదింటికి రండి. మంచి బట్టలు" అని చెప్పి వెళ్ళింది.

ఆదివారం నేను ఉప్పాడ పట్టుచీర కట్టుకున్నాను. ఆవిడ చారల లంగా, కుట్టుపని రవిక, మూడు వరసల ఎర్ర పూసలు వేసుకుని బయటికి వస్తే గుర్తుపట్టలేదు. వయసు ఎటో పోయింది. మా కార్‌లో వెనక సీట్లో ఒళ్ళో రొట్టె పెట్టుకుని, దారంతా ఏవో మాటలు వాళ్ళ భాషలో వల్లె వేసుకుంటూ కూర్చుంది. కిరీటం చూసి ప్రెసిడెంట్‌గారు కాదంటే ఆవిడకు ఇంకెప్పుడూ ఈ వంతు రాదు. ఆ సంగతి కార్‌లో ఉన్న ముగ్గురికీ తెలుసు.

చర్చి ఆవరణలో కిరీటాన్ని నాలుగు పిడుల చెక్క పల్లకీ మీద పెట్టారు. ప్రెసిడెంట్‌గారు వచ్చారు. ఎత్తైన మనిషి, తెల్ల జుట్టు, కళ్ళజోడు గొలుసు. ముందు వైపు గోధుమ కంకి ఒకటి తుంచి నలిపారు. గింజ ఉంది. నేను ఊపిరి వదిలాను. అంతలో పక్కన వేలాడుతున్న కొర్ర కంకిని వేలితో ఎత్తి, ఏదో అడిగారు. ఈవిడ ఏదో చెప్పింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పింది, ఈసారి తల ఎత్తి. ప్రెసిడెంట్‌గారు ఆ కంకిని కూడా నలిపి, అరచేతిలో గింజల్ని చూసి, దులుపుకుని, ఎత్తండన్నట్టు పల్లకీ వైపు తల ఊపారు.

పల్లకీ మోయడానికి నలుగురు కావాలి. ప్రెసిడెంట్‌గారు, ఇంకో ఇద్దరు. నాలుగో పిడి దగ్గర ఈవిడ నన్ను నిలబెట్టింది. నేను ఆ చర్చి మనిషిని కాదని ఎవరో అన్నారు. దానికి ఈవిడ నాకూ అర్థం కావాలని ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. "ముడులు ఆమెవి. దారిలో ఏదైనా జారితే ఆమెకే తెలుస్తుంది." కారణం న్యాయంగా ఉంది కాబట్టి పిడి నాకే వదిలేశారు.

నడిచాం. ముందు బ్యాండు, ఆ వెనక పెద్దమనిషి పక్కన రొట్టెతో ఆవిడ, ఆ వెనక మేం. పట్టుచీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడుతుంటే నేను కిరీటం మీద నుంచి చూపు తిప్పలేదు. ఒక్క గుత్తి కూడా జారలేదు. మెట్ల మీద ఫాదర్‌గారు ఎదురొచ్చారు. ఆవిడ వంగి రొట్టె అందించి, కార్‌లో వల్లె వేసిన మాటలు చెప్పింది. అక్కడితో అయిపోవాలి. ఫాదర్‌గారు కూడా అయిపోయిందనుకుని నోరు తెరిచారు. ఆవిడ ఆగలేదు. ఇంకా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. ఆవిడ చెబుతూనే ఉంది. నవ్వులు ఆగిపోయాయి. జనం ఒక్కొక్కరే తల తిప్పి నా వైపు చూడసాగారు. నేరం బయటపడిందని నాకు అర్థమైంది.

"ఏమంటున్నారు?" అని పక్క పిడి దగ్గరున్న ప్రెసిడెంట్‌గారిని గుసగుసగా అడిగాను.

ప్రెసిడెంట్‌గారు ఎదురుగా చూస్తూనే, ఒక్కో ముక్కా చెప్పారు. "ఈ ఏడు పిట్టలు ముందు తిన్నాయి అంది. పక్కింటి పిల్ల పెట్టిందంది. వాళ్ళ నాన్న పొలంలో ఆఖరి గుప్పెడు కోసేవాడు కాదట. కౌజు పిట్టలకని నిలబెట్టి వదిలేవాడట. ఈ దేశం వచ్చాక ఏటా కిరీటం కట్టాను గానీ ఆ గుప్పెడు మర్చిపోయానంది. నిన్న ఆ పిల్ల మీద కోపం తెచ్చుకున్నాను, అది తప్పు అంది." ఆ తర్వాత తన మాటగా, "మా నాన్న కూడా వదిలేవాడు" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. రెండు చేతులూ పల్లకీ పిడి మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఆ ముఖంతోనే నిలబడ్డాను. ఫాదర్‌గారు రొట్టెను దీవించి, పంచమని తిరిగి ఇచ్చాక ఆవిడ మెట్లు దిగి, జనం అంతా చూస్తుండగా నేరుగా నా దగ్గరికి వచ్చింది. రొట్టె తుంచి చాపింది. నేను పిడి మీదున్న చేతుల వంక కళ్ళతో చూపించాను. ఆవిడ ఆ ముక్కను తనే నా నోట్లో పెట్టింది.